పన్నెండు కప్పలూ, చాముండేశ్వరి గారి సంతకమూ

చాముండేశ్వరి గారు మొదటిరోజు నా అరచేతిలో పెట్టింది ఒక చచ్చిన కప్పని. చచ్చిందనే అనుకున్నాను మరి, ఏం చేయను!

2003 అక్టోబరు. ఒహాయోలో ఒక చిన్న ఊరి యూనివర్సిటీ, బయాలజీ బిల్డింగు బేస్‌మెంటులో కిటికీ లేని గది. బయాలజీలో మాస్టర్స్ చేద్దామని ఖమ్మం నుంచి ఊడిపడినవాణ్ణి నేను, పేరు ఫణి. ఎదురుగా యాభై దాటిన ఒకావిడ. సల్వార్ కమీజ్ మీద తెల్లకోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. ఆ నేలమాళిగలో తెలుగు మనిషి ఎదురవుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆవిడ నా పేరడిగారు, ఊరడిగారు, మూడో మాట లేకుండా కప్పని చేతిలో పెట్టేశారు. రెండంగుళాల గోధుమరంగు కప్ప, కళ్ళ దగ్గర నల్లటి పట్టీ. గోరు తగిలితే గులకరాయిలా టక్కుమంది.

"బయాలజీ వాడివి, బైపీసీ చదివే ఉంటావుగా. చెప్పు, బతికుందా, చచ్చిందా?"

పొట్ట మీద వేలు పెట్టి చూశాను. గుండె లేదు, ఊపిరి లేదు, కాళ్ళు కర్రపుల్లలు.

"చచ్చింది మేడమ్."

"ఏడ్చావులే! అక్కడ కూర్చో."

కూర్చున్నాను. ఆవిడ కప్పని తడి కాగితం మీద ట్రేలో పెట్టి తన పని తను చేసుకుంటున్నారు. గంటకి పైగా అయ్యాక పిలిచి, భూతద్దం ఇచ్చి, పొట్ట పలచటి చర్మం కింద చూపించారు. లోపల ఏదో చిన్నగా అదురుతోంది. ఆగి, మళ్ళీ అదిరింది. సాయంత్రానికి గొంతు కింద ఊపిరి ఆడింది. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆ దొంగది డబ్బాలో గెంతుతూ పురుగుల్ని మింగుతోంది.

"చూశావా?" అన్నారావిడ. "ఏలూరు కాలేజీలో పంతొమ్మిదేళ్ళు డిమాన్‌స్ట్రేటర్‌గా చేశాను. కప్పకి క్లోరోఫాం ఇచ్చి, మైనం ట్రేలో గుండుసూదులు గుచ్చి, కోసి చూపించేదాన్ని. గుండె ఇంకా కొట్టుకుంటూ ఉండేది, 'రాసుకోండర్రా' అనేదాన్ని. అక్కడ గుండె కొట్టుకుంటున్నా అది చచ్చిన కప్పే. ఇక్కడ గుండె ఆగిపోయినా ఇది బతికున్న కప్పే. నా పాపం కడుక్కోమని దేవుడు నన్ను ఇక్కడికి తోలాడనుకుంటా."

నవ్వుతూనే అన్నారు కానీ, ఆ మాట నవ్వులాట కాదని తర్వాత తెలిసింది.

ఆవిడ చెల్లెలు స్పాన్సర్ చేస్తే 1998లో కుటుంబమంతా వచ్చారు. భర్త శ్యామ్‌సుందర్ గారు ఒక హార్డ్‌వేర్ దుకాణంలో పని. కూతురు అనుష్క అదే యూనివర్సిటీలో చదువు, ఉద్యోగి కూతురు కాబట్టి ఫీజు లేదు. చాముండేశ్వరి గారి ఉద్యోగం పేరు టెక్నీషియన్ వన్, ల్యాబ్ ఉద్యోగాల్లో అట్టడుగు మెట్టు. అంటే కప్పలకి తిండి పెట్టడం, డబ్బాలు కడగడం, ఇంక్యుబేటర్లు కనిపెట్టుకుని ఉండడం, నాలాంటి వాళ్ళ తప్పులు దిద్దడం. ఈ చివరిది కాగితంలో లేదు, ఆవిడే మీద వేసుకున్నారు.

మా ప్రొఫెసర్ డాక్టర్ వీవర్, జుట్టులో పెన్సిల్ గుచ్చుకుని తిరిగే పొడుగాటి మనిషి. ఆవిడ పరిశోధనంతా ఈ అడవి కప్పల మీదే. చలికాలం ఇవి గోతుల్లోకి పోవు, ఎండుటాకుల కింద పడుకుని గడ్డకట్టుకుపోతాయి, ఎండ రాగానే కరిగి లేస్తాయి. మంచు ముక్క చర్మానికి తగలగానే కాలేయం అందుకుంటుంది. దాచుకున్న పిండిపదార్థమంతా పంచదారగా మార్చి రక్తంలోకి వదులుతుంది, మామూలుకన్నా ఎన్నో రెట్లు. మా నాన్నగారికి షుగర్ మూడొందలుంటే ఇల్లంతా గగ్గోలు. ఈ కప్పకి వేలల్లో ఉంటుంది, హాయిగా పడుకుంటుంది. ఆ పంచదార వల్లే కణాల లోపల నీళ్ళు గడ్డకట్టవు. కణాల బయట మాత్రం గడ్డకడుతుంది, ఒంట్లో నీరు సగానికి పైగా మంచే.

మరి ఆ కాలేయానికి ఎవరు చెప్తారు? అదే నా థీసిస్. కప్ప దగ్గర కొత్త జన్యువులేం లేవు, ఇంచుమించు మన దగ్గరున్నవే. ఏది ఎప్పుడు తెరవాలి, ఏది మూసెయ్యాలి అన్నదే దాని విద్య. గడ్డకట్టేటప్పుడు ఖర్చు తగ్గించుకోవడానికి చాలావాటిని మూసేస్తుంది, కావలసిన కొన్నిటినే తెరుస్తుంది. కరిగేటప్పుడు ఇంకొన్ని తెరుచుకుంటాయి, దెబ్బతిన్న చోట్లు బాగుచేసుకోవడానికి. జన్యువు వంటల పుస్తకమైతే, ఆర్.ఎన్.ఏ. అనేది ఇవాళ వంటింట్లోకి వెళ్ళిన చీటీ. ఆ చీటీలు ఏరుకుని, ఏ గంటకి ఏ వంట నడిచిందో చెప్పాలి నేను.

ఇది మా అపార్ట్‌మెంట్‌లో ఒక్కడికీ ఎక్కేది కాదు. మిగతా ముగ్గురూ కంప్యూటర్స్. కరీంనగర్ శశికాంత్ అయితే తలుపు తియ్యగానే మొదలెట్టేవాడు: "ఏం బై, కప్పల డాక్టర్! నీ పేషెంట్లు లేచిన్రా? కప్పలతోని హెచ్-వన్ వీసా ఎట్ల వస్తది? న్యూజెర్సీల ఎడిసన్ పోయి మూడు నెలలు సాస్ సాఫ్ట్‌వేర్ ట్రెయినింగ్ తీసుకో, జాబ్ గ్యారంటీ." (నవ్వకండి. ఇప్పుడు నేను చేస్తున్నది ఎడిసన్‌లో అదే ఉద్యోగం.)

మధ్యాహ్నాలు బేస్‌మెంట్‌లో ఆవిడా నేనూ డబ్బాలు విప్పుకునేవాళ్ళం. ఆవిడ పులిహోరలో ఇంగువ వాసనకి పక్క ల్యాబ్ అమెరికన్లు తలుపు వేసుకునేవారు. ఒకసారి ప్రాక్టికల్ రికార్డుల మాట వచ్చింది. మీకు తెలుసుగా, మన ఇంటర్ రికార్డులు. సీనియర్ రికార్డు తెచ్చుకోవడం, అంకెలు దించెయ్యడం, అట్ట వేసి ఇచ్చెయ్యడం. టైట్రేషన్‌లో అచ్చు అదే అంకె రాస్తే బాగుండదని ఒక పాయింటు అటూ ఇటూ మార్చడం.

"నాకు తెలీదేమిట్రా?" అన్నారావిడ ఊరమిరపకాయ కొరుకుతూ. "పరీక్షల ముందు రోజు బల్ల మీద గుట్ట పడేవి. పుట తిప్పకుండా సంతకాలు పెట్టేదాన్ని. ఒక్కోరోజు మూడొందలు. ఒక్కటీ చదవలా."

ఇద్దరం పడి పడి నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు చెంప ఛెళ్ళుమంటుంది.

2005 జనవరి చివర్లో నా పెద్ద ప్రయోగం. శుక్రవారం ఉదయం పన్నెండు కప్పల్ని ఇంక్యుబేటర్‌లో మైనస్ రెండున్నర డిగ్రీలకి దింపాం. ఆదివారం పొద్దున తీసేవరకూ కదలకుండా అలాగే ఉండాలి. రెండు గంటలకోసారి అంకె చూసి షీట్‌లో రాయాలి. రాత్రి వంతు ఇంకో విద్యార్థిది, శనివారం పగలు నాది. ప్రతి వరస చివరా 'సరిచూసినవారు' అని ఒక గడి, అందులో చాముండేశ్వరి గారు సోమవారం సంతకం పెట్టాలి.

ఆ శనివారమే కొలంబస్‌లో తెలుగు సినిమా. ఆ రోజుల్లో మనవాళ్ళెవరో హాలు అద్దెకి తీసుకుని ఒకే ఒక్క ఆట వేసేవారు. దాటితే ఇక డీవీడీయే గతి. "ఫ్రిజ్‌లున్న కప్పలకు కాపలా ఏంది బై? లేచి ఉరుకుతయా?" అన్నాడు శశికాంత్. ఎనిమిది గంటల అంకె చూశాను, రాశాను, కారెక్కాను. రెండు గంటల డ్రైవ్. హాల్లో ఈలలు, కాగితం ముక్కలు, ఇంటర్వెల్‌లో సమోసాలు. నిజం చెప్పొద్దూ, అమెరికా వచ్చాక అంత సంతోషంగా గడిచిన రోజు అదే.

ఆ సమయంలో వెనకాల మా ఊళ్ళో మంచువాన పడింది. ఆరింటికి తిరిగొచ్చేసరికి చెట్లకొమ్మలన్నీ గాజుపూత పూసినట్టున్నాయి. బేస్‌మెంట్‌కి పరుగెత్తాను. ఇంక్యుబేటర్ మీద మైనస్ రెండున్నర. హమ్మయ్య అనుకున్నాను. కాఫీ గదిలో మైక్రోవేవ్ గడియారం మాత్రం పన్నెండు, పన్నెండు అని మినుకుమంటోంది. అంటే కరెంటు పోయి వచ్చింది. ఎంతసేపు పోయిందో అడగొచ్చు. అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది కదా. షీట్ తీశాను. పది గంటలకి మైనస్ 2.5. పన్నెండుకి 2.4. రెండుకి 2.5. నాలుగుకి 2.6. చెయ్యి తిరిగిన పని, నిమిషం కూడా పట్టలేదు.

సోమవారం ఆవిడ ఆ షీట్ మీద సంతకం పెట్టారు. పైనుంచి కిందకి ఒకే ఊపున.

ఫిబ్రవరంతా కాలేయాల్లోంచి ఆర్.ఎన్.ఏ. తీస్తూ గడిచింది. మార్చి మొదట్లో మెషీన్ గీతలు గీసింది. చూసి డాక్టర్ వీవర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కరిగేటప్పుడు మాత్రమే తెరుచుకోవాల్సిన జన్యువు, పన్నెండు కప్పల్లో తొమ్మిదింటిలో గడ్డకట్టి ఉండగానే తెరుచుకుంది! "ఫణీ, ఇది ఎవరూ చూడని సంగతి కావచ్చు" అన్నారు. ఏప్రిల్‌లో సదస్సు, అక్కడ గోడకి పెట్టే మా పరిశోధన పోస్టర్ మీద మొదటి పేరు నాది. ఆ రోజు నేను నేల మీద నడవలేదు. సాయంత్రం స్వీట్ డబ్బా కొనుక్కొచ్చి అందరికీ పంచాను కూడా. సిగ్గులేని జన్మ.

చాముండేశ్వరి గారు లడ్డూ తీసుకోలేదు. గీతల కాగితం తీసుకుని చాలాసేపు చూశారు. కప్పలు ఉన్నది చెప్పాయని ఆవిడకి అప్పుడే అర్థమైంది. కరిగాయి కాబట్టే కరిగామని చెప్పాయి.

"ఫణీ, ఆ శనివారం మా ఇంట్లో కరెంటు పోయిందిరా. పదిన్నర నుంచి మూడు దాకా. మా ఇల్లు ఇక్కడికి రెండు వీధులు. నువ్వు ల్యాబ్‌లోనే ఉన్నావా?"

"ఉన్నాను మేడమ్. ఇక్కడ పోలేదు."

ఆవిడ నా మొహంలోకి చూశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ అడక్కుండానే నేను ఇంకో మాట జోడించాను: "జనరేటర్ ఉంటుంది కదా." ఆ పాత బిల్డింగుకి జనరేటర్ లేదని ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. "సరే" అన్నారు. కోటు వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

అక్కణ్ణుంచి పదకొండు రోజులు.

తేలు కుట్టిన దొంగలా తిరిగాను. చెప్తే చదువు పోతుంది, చదువు పోతే వీసా పోతుంది, నాన్నగారికి ఏమని ఫోన్ చెయ్యను? చెప్పకపోతే ఒక అబద్ధం నా పేరుతో అచ్చవుతుంది. శశికాంత్‌తో అంటే, "నోర్మూసుకుని కూసో బై. ఎవనికి తెలుస్తది?" అన్నాడు. నిజమే, ఎవరికీ తెలియదు. ఒక్కావిడకి తప్ప. ఆవిడ నాతో ఎప్పటిలాగే మాట్లాడుతున్నారు. ఎప్పటిలాగే డబ్బాలో నాకో వాటా పెడుతున్నారు. అదే భరించలేకపోయాను. తిడితే బాగుండును.

ఎనిమిదో రోజు కప్పలు పట్టడానికి వెళ్ళాం. ప్రతి మార్చిలోనూ వెళ్ళేవాళ్ళం. ఊరి బయట అడవిలో మంచు కరిగిన నీళ్ళతో నిండే గుంట ఒకటుంది, ఎండాకాలానికి ఎండిపోతుంది. అంచుల్లో ఇంకా పలచటి మంచు తేలుతుండగానే ఈ కప్పలు ఆకుల కిందనుంచి లేచి వచ్చేస్తాయి. మధ్యాహ్నపు ఎండలో వందలకొద్దీ, బాతుల్లా బెకబెకలు. కిందటేడు ఆవిడ మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి, వలతో ఒక్కో కప్పనీ ఎత్తుతూ, "దా తల్లీ, దా, నీ నిద్ర తెల్లారిందా?" అంటూ పలకరించారు. నేను గట్టు మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతూ నవ్వాను. నా జీవితంలో అంత తేలికైన మధ్యాహ్నం మళ్ళీ రాలేదు.

ఈసారి పలకరింపుల్లేవు. వల ముంచారు, ఎత్తారు, డబ్బాలో వేశారు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఒంట్లో బాలేదా మేడమ్?"

"నిద్ర పట్టట్లేదురా. వయసు."

చెప్పేద్దామని నోరు తెరిచాను. "టీ పొయ్యమంటారా?" అన్న మాటే బయటికొచ్చింది. అంత పిరికివాణ్ణి.

పదకొండో రోజు శుక్రవారం. ప్రయోగం ఎలా చేశావో ఒక పేజీ రాసి తెమ్మని డాక్టర్ వీవర్ పంపించారు. కూర్చున్నాను. 'ఉష్ణోగ్రతను రెండు గంటలకొకసారి నమోదు చేశాము' అన్న ఒక్క వాక్యం రాయాలి. అరగంట కూర్చున్నాను. వేళ్ళు కదల్లేదు. లేచి, డాక్టర్ వీవర్ గది తలుపు కొట్టి, ఎదురుగా నిలబడే చెప్పేశాను. సినిమా, మైక్రోవేవ్ గడియారం, నాలుగు అంకెలు, అన్నీ. ఇంగ్లీషు కూడా సరిగా రాలేదు.

డాక్టర్ వీవర్ జుట్టులో పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టారు.

"చాము పదకొండు రోజుల క్రితమే నా దగ్గరికి వచ్చింది" అన్నారు. "ఆ షీట్ చదవకుండా సంతకం పెట్టాననీ, ఆ రోజు కరెంటు పోయిందనీ చెప్పింది. అంకెలు ఎవరు రాశారని అడిగితే చెప్పలేదు. నీ చేతిరాత నాకు తెలియదా? రెండు వారాలు ఆగమంది. ఆ మనిషి తనంతట తనే వస్తాడు, రాకపోతే నన్ను తీసెయ్యండి అంది. నేను ఒప్పుకోకూడదు, కానీ ఒప్పుకున్నాను."

ఆ గదిలోంచి ఎలా బయటికొచ్చానో తెలియదు. బేస్‌మెంట్‌లో చాముండేశ్వరి గారు కొత్త కప్పలకి పురుగులు వేస్తున్నారు. నా మొహం చూడగానే ఆవిడకి అర్థమైంది. చేతిలో డబ్బా కింద పెట్టారు.

"పదకొండు రోజులట్రా!" అన్నారు. "నేను నాలుగు రోజులనుకున్నాను, సన్నాసీ! నాలుగో రోజు వస్తావనుకున్నా, ఐదో రోజు వస్తావనుకున్నా. ఇంట్లో ఈయనతో చెప్పలేదు, అనూతో చెప్పలేదు. ఉద్యోగం పోతే దాని ఫీజు ఎవడు కడతాడు? రోజూ నీకు అన్నం పెడుతూ నీ మొహం చూస్తున్నాను, ఇవాళేమైనా అంటాడా, ఇవాళేమైనా అంటాడా అని."

"నా పేరు చెప్పెయ్యకపోయారా మేడమ్?"

"నీ పేరు నేనెందుకు చెప్తాను? అంకెలు నువ్వు రాశావు, నువ్వు చెప్పుకోవాలి. సంతకం నాది, నేను చెప్పుకున్నాను. ఏలూరులో పంతొమ్మిదేళ్ళు అందరికీ పెట్టాను. ఎవడి రికార్డు దొంగదో ఒక్కసారైనా అడిగుంటే, నీలాంటి వాడు ఒక్కడైనా తగ్గేవాడేమో."

అప్పుడు నేను ఏడ్చాను. ఆవిడ కూడా ఏడ్చారు. కప్పలు మాత్రం తిండి మీదే ఉన్నాయి.

ఆ పన్నెండు కప్పల ఫలితాలూ చెత్తబుట్టలోకి పోయాయి. పోస్టర్ లేదు. నా మీద విచారణ జరిగింది, వేసవి అసిస్టెంట్‌షిప్ జీతం పోయింది, ఇంకో చలికాలం అక్కడే ఉండాల్సి వచ్చింది. చదువు మాత్రం పోలేదు. మళ్ళీ పన్నెండు కప్పలు, మళ్ళీ రెండు రోజులు. నా పగటి వంతుకి ఆవిడ కూడా వచ్చి పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఒకసారి టాయిలెట్‌కి వెళ్ళి ఐదు నిమిషాలు ఆలస్యమైతే, ఆ ఐదు నిమిషాలూ రాయించారు. గడ్డకట్టిన కప్పలో ఆ జన్యువు ఈసారి బుద్ధిగా మూసుకునే ఉంది. ఎవరికీ కొత్త కాని ఆ ఫలితంతోనే 2006 మేలో నా థీసిస్ పూర్తయింది. గ్రాడ్యుయేషన్‌కి ఆవిడ పట్టుచీర కట్టుకుని, దాని మీద మంచుకోటు వేసుకుని వచ్చారు. మేలో కోటెందుకంటే, ఒహాయోని నమ్మకూడదన్నారు.

తర్వాత పండగలకి ఫోన్లు, ఆ తర్వాత ఎప్పుడైనా ఫోన్లు. నా పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు. మనిషి మర్చిపోకుండానే దూరమైపోతాడు. ఇంగువ వాసన వస్తే మాత్రం ఇప్పటికీ ఆ కిటికీ లేని గదిలోకి వెళ్ళిపోతాను. ఎంత దరిద్రపు గది! ఎంత హాయిగా ఉండేవాణ్ణి!

పోయిన నెల, 2015 జూన్లో, అనుష్క ఫోన్ చేసింది. పదమూడేళ్ళకి వచ్చిన పిల్ల కదా, తెలుగు అరిగిపోయింది గానీ పోలేదు.

"ఫణి అన్నా, అమ్మ రిటైర్ అవుతోంది. లంచ్ పెడుతున్నాం, యు హావ్ టు కమ్."

"రాకుండా ఎలా ఉంటాను అనూ?"

"వన్ మోర్ థింగ్. హెచ్చార్ వాళ్ళు పేపర్స్ పంపారు. సెవెంటీన్ ఇయర్స్ అన్నా, స్టిల్ టెక్నీషియన్ వన్. సూపర్‌వైజర్ పోస్ట్‌కి త్రీ టైమ్స్ అప్లై చేసిందట, మాకెవ్వరికీ చెప్పలేదు. ఎవ్రీ టైమ్ రిజెక్ట్ చేశారు. ఫైల్లో ఏదో ఓల్డ్ వార్నింగ్ లెటర్ ఉందట, 2005ది. అమ్మని అడిగితే, పాత సంగతులు నీకెందుకే, నా పొరపాటే అంటోంది. అమ్మ పొరపాటు చెయ్యడం ఏంటి? నువ్వు అప్పుడు అక్కడే ఉన్నావ్ కదా. డు యు నో ఎనీథింగ్?"

ఆ ఉత్తరం సంగతి నాకు తెలియదు. పదేళ్ళలో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం, ఒక్కసారీ ఆవిడ నోట రాలేదు.

"అన్నా? ఆర్ యు దేర్?"

"ఉన్నాను అనూ. ఆ ఉత్తరం నా వల్ల వచ్చింది" అన్నాను.